కుర్చీ దక్కని ఆర్ఫా అత్త

ఆర్ఫా అత్తకి జ్యూరీ పిచ్చి.

స్పైసర్ గ్యాప్‌లో ఈ మాట అంటే ఎవరూ నమ్మరు. ఎందుకంటే ఆ అమెరికా కొండ ఊళ్ళో, పదకొండుమందితో కలిసి కేసు విని తీర్పు చెప్పే జ్యూరీకి రమ్మని కోర్టు నుంచి కాగితం వస్తే జనం ఎలా అయిపోతారో అందరికీ తెలుసు. నిన్నటిదాకా దుంగలు మోసినవాడికి ఆ కాగితం చూడగానే నడుం పట్టేస్తుంది. కోడి కూతకి లేచేవాడికి చెవుడొస్తుంది. ఎప్పుడో పోయిన మేనత్త పాపం మళ్ళీ పోతుంది, మళ్ళీ అంత్యక్రియలకి వెళ్ళాల్సి వస్తుంది. ఆవు ఈనేలా ఉందని ఒకడు, గడ్డి కోసి ఉంది, వానొచ్చేలా ఉందని ఇంకొకడు. ఒకాయనైతే తనకి దేశభక్తి మరీ ఎక్కువనీ, కోర్టులో జెండా చూస్తే ఏడుపు ఆగదనీ రాసి పంపించాడు.

ఆర్ఫా అత్త మాత్రం కాగితం రాకపోతే పోస్టాఫీసుకెళ్ళి పోట్లాడేది.

"నా పిలుపు ఎక్కడ పారేశావయ్యా?"

"రాలేదమ్మా. వస్తే దాచుకుంటానా?"

"నీ మొహం చూస్తే దాచేవాడిలాగే ఉన్నావు. ఆ సంచీ బోర్లించు."

పెళ్ళికి పిలవని పెత్తల్లిలా మూతి బిగించుకుని ఇంటికి వచ్చేసేది.

నిజానికి ఆవిడ ఆ ఊళ్ళో ఎవరికీ అత్త కాదు. అన్నదమ్ముల్లేరు, పెళ్ళి చేసుకోలేదు. జీవితమంతా స్కూలు బస్సు నడిపింది. ఆ కొండల్లో ఏ మలుపు దగ్గర ఏ పిల్లవాడు ఎక్కుతాడో, ఎవడు పాలు తాగి వచ్చాడో, ఎవడు తాగకుండా వచ్చాడో ఆవిడకి తెలుసు. ఆ బస్సెక్కినవాళ్ళంతా పెద్దవాళ్ళైపోయారు, జుట్టు రాలిపోయింది, పొట్టలొచ్చాయి, అయినా ఆర్ఫా అత్త అనే పిలుస్తారు. వాళ్ళని చూసి వాళ్ళ పిల్లలూ అత్త అనే అంటారు.

ఇక వెర్లిన్ సంగతి చెప్పాలి. ఇతను ఊరి పోలీసు అధికారి షెరిఫ్ గారి దగ్గర డిప్యూటీ. దొంగల్ని పట్టుకోవడం కంటే జ్యూరీని పట్టుకోవడంలోనే ఇతని ఉద్యోగం అరిగిపోయింది. అక్కడ పాతకాలం చట్టం ఒకటుంది. జ్యూరీకి మనుషులు చాలకపోతే జడ్జిగారు డిప్యూటీని వీధిలోకి పంపించి, కనబడ్డవాళ్ళని పట్టుకు రమ్మనవచ్చు. స్పైసర్ గ్యాప్‌లో మనుషులు ఎప్పుడూ చాలరు. జడ్జి అబర్‌నాథీ కళ్ళజోడు తీసి, "వెర్లిన్, కాస్త అలా వీధిలోకి వెళ్ళి రా" అన్నాడంటే అంతే సంగతులు.

వెర్లిన్ బూటు కోర్టు మెట్టు మీద పడిందో లేదో వీధి ఖాళీ అయిపోయేది. మంగలిషాపులో సగం గడ్డం గీయించుకున్నవాడు నురగ మొహంతో వెనక గుమ్మంలోంచి పరిగెత్తేవాడు. హార్లన్ గారి హోటల్లో అయితే పొగలు కక్కే బిస్కెట్ రొట్టెలు, గ్రేవీ బల్లల మీద ఉండేవి, తినేవాళ్ళు మాత్రం ఉండేవాళ్ళు కాదు. హార్లన్ అందరికంటే గట్టివాడు. సొంత హోటల్లోంచి అందరికంటే ముందు పారిపోయేది అతనే. వంటింటి వెనక పిండిబస్తాల మధ్య అతనికి ఒక మూల ఉంది. అందులో కుర్చీ కూడా వేసుకున్నాడు.

ఒకసారి వెర్లిన్ విసిగిపోయి, ఫుట్‌పాత్ మీద నింపాదిగా వేరుశెనక్కాయలు తింటున్న ఒక మనిషి భుజం మీద చెయ్యి వేసి లోపలికి లాక్కొచ్చాడు. జడ్జిగారు ఆ మనిషిని చూసి, "వెర్లిన్, ఇతను ముద్దాయి. ఇతని కేసుకే కదా మనం జ్యూరీని వెతుకుతున్నది" అన్నాడు. "నేను చెప్తూనే ఉన్నాను, వింటేగా" అన్నాడు ముద్దాయి, నోట్లో కాయ నములుతూ.

ఇలాంటి వీధిలో, కోర్టుకి ఎదురుగా బల్ల మీద, పసుప్పచ్చ చర్చి టోపీ పెట్టుకుని, ఒళ్ళో కుర్చీ మీద వేసుకునే మెత్త పట్టుకుని, పక్కన ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన పైల బుట్ట పెట్టుకుని ఒక మనిషి కదలకుండా కూర్చుని ఉండేది. వెర్లిన్ అటు చూసి, ఇటు చూసి, ఆఖరికి నిట్టూర్చేవాడు.

"రా అత్తా."

"నన్నేనా? అయ్యో, నేనేదో ఎండకి కూర్చున్నాను."

అని అప్పటికే సగం మెట్లు ఎక్కేసేది.

ఇంత పిచ్చి ఉన్న మనిషికి ఒక్కసారి కూడా జ్యూరీ కుర్చీ దక్కలేదు. కారణం ఆవిడ నోరు. జ్యూరీలో కూర్చోబెట్టేముందు లాయర్లు అందరిముందూ ఒక ప్రశ్న అడుగుతారు: ముద్దాయి మీకు తెలుసా? తెలియదంటే ఒక మెట్టెక్కినట్టే. తెలుసంటే ఎంతవరకు తెలుసో క్లుప్తంగా చెప్పాలి. ఆర్ఫా అత్తకి క్లుప్తంగా అనే మాట ఎవరూ నేర్పలేదు.

డోయిల్ అని ఒకడు పక్కింటి ఎర్ల్ గారి రంపం ఎత్తుకుపోయాడని కేసు. సర్కారు లాయరు అడిగాడు, "ముద్దాయి మీకు తెలుసా అమ్మా?"

"తెలియకపోవడమేమిటి బాబూ. వీడు నా బస్సులో కిటికీ పక్క సీటు. వీడి చెల్లెలికి ఘాట్‌రోడ్డు ఎక్కితే కడుపులో తిప్పేది. వీడేం చేసేవాడంటే, తన నెత్తిమీది టోపీ తీసి దాని నోటికింద పట్టేవాడు. కొత్త టోపీ బాబూ. క్రిస్మస్‌కి వాళ్ళ తాత కొనిచ్చాడు. మర్నాడు కడుక్కుని మళ్ళీ అదే పెట్టుకుని వచ్చేవాడు. మలుపు రాగానే మళ్ళీ తీసేవాడు. రంపం సంగతి నాకు తెలియదు గానీ టోపీ సంగతి తెలుసు."

కోర్టంతా గొల్లుమంది. డోయిల్ చెవులు ఎర్రబడ్డాయి. లాయరు లేచి అభ్యంతరం అన్నాడు.

"ఉండు బాబూ, అప్పుడే అయిపోలేదు. ఆ ఎర్ల్ కూడా నా బస్సే. వాడు రోజూ రెండు ఆపిల్ పళ్ళు తెచ్చుకుని ఒకటి..."

ఈసారి ముద్దాయి తరఫు లాయరు లేచి అభ్యంతరం అన్నాడు. ఇద్దరు లాయర్లూ ఒకే మాట మీద నిలబడటం ఆ కోర్టులో అరుదు. ఆర్ఫా అత్త దగ్గరికొచ్చేసరికి మాత్రం కవలపిల్లలైపోయేవాళ్ళు. జడ్జిగారు ఆవిడని వెళ్ళిపొమ్మని, మిగతా జ్యూరీ వైపు తిరిగి, "ఇప్పుడు విన్నది మీరంతా మరిచిపోవాలి" అనేవాడు. వాళ్ళు అలాగే అని తలూపేవాళ్ళు. ఊరంతా వారంపాటు ఆ టోపీ గురించే మాట్లాడుకునేది.

విల్మా అనే ఆవిడ మొగుడి ట్రక్కు అద్దం పెనంతో పగలగొట్టిన కేసులోనూ ఇదే తంతు. "తెలుసు బాబూ. కోపం ముక్కు మీదే ఉంటుంది దీనికి. కుక్కపిల్లని రాయిపెట్టి కొట్టాడని బస్సులో ఒక కుర్రాణ్ణి చితకబాదింది. ఆ కుక్కపిల్లని పుస్తకాల సంచీలో పెట్టుకుని స్కూలుకి తీసుకుపోయింది. అది నా బస్సులో చేసిన పనికి సాయంత్రందాకా నీళ్ళు కొట్టి కడిగాను. ఇంక దీని మొగుడంటారా, వాడూ మంచి పిల్లాడే, వాడు ఒకసారి..." ఇద్దరు లాయర్లూ లేచి నిలబడ్డారు. మరిచిపోవాలి అన్నాడు జడ్జి.

వద్దన్నవాళ్ళని గుమ్మందాకా దిగబెట్టడం వెర్లిన్ పని. అది అతనికి ప్రాణసంకటంగా ఉండేది. పసుప్పచ్చ టోపీ అతని భుజం పక్కన మెల్లిగా నడిచేది. ఆవిడేమీ అనేది కాదు. బుట్టలోంచి ఒక ఆపిల్ పై తీసి అతని చేతిలో పెట్టి, మెత్త చంకలో పెట్టుకుని వెళ్ళిపోయేది. ఆ వాడని మెత్త చూస్తే వెర్లిన్‌కి ఆ పై తినబుద్ధయ్యేది కాదు. పాపం, ఇంత ఆశపడుతోంది, ఒక్కసారి నోరు మూసుకుంటే కుర్చీ దక్కుతుంది కదా, ఆ ఒక్కటీ చేతకావడం లేదే అని ఇంటికెళ్ళి పెళ్ళాంతో చెప్పుకుని బాధపడేవాడు. తను రిటైరయ్యేలోగా ఆర్ఫా అత్తని జ్యూరీ కుర్చీలో కూర్చోబెట్టి చూడాలని అతని కోరిక. ఊళ్ళో కూడా అందరి కోరికా అదే. తాము కూర్చోవడం ఇష్టం లేనివాళ్ళకి ఆవిడ కూర్చుంటే చూడాలని మహా సరదాగా ఉండేది.

ఆ రోజు రానే వచ్చింది.

అది క్రిస్మస్ చెట్లు నరికే కాలం. ఊరిపైన కొండవాలు తోటల్లో పనికి ఏటా మెక్సికో నుంచి మనుషులు వస్తారు. వాళ్ళలో ఎవారిస్తో అనే కుర్రాడి మీద కేసు. తోటలో జిన్సెంగ్ అనే ఖరీదైన మందు దుంపలు దొంగతనంగా తవ్వాడని. ఆ కొండల్లో జిన్సెంగ్ అంటే మాటలు కాదు, బంగారం తవ్వినంత నేరం. తోట యజమాని మైదానం ఊరివాడు, ఇక్కడెవరికీ తెలియదు. బెయిలుకి డబ్బు కట్టేవాళ్ళు లేక కుర్రాడు జైల్లో ఉన్నాడు. అబర్‌నాథీ ఊరూరూ తిరిగి కోర్టు పెట్టే జడ్జి. ఈ సాయంత్రంలోగా జ్యూరీ నిండకపోతే కేసు మళ్ళీ వసంతంలోనే. అంటే తోటివాళ్ళంతా క్రిస్మస్‌కి ఇళ్ళకి పోతే ఈ కుర్రాడు జైల్లో కిటికీ చూసుకుంటూ కూర్చోవాలి.

పొద్దుటినుంచి ఏరగా ఏరగా పదకొండు కుర్చీలు నిండాయి. పన్నెండోది ఖాళీ. కారణం చెప్పకుండా కొద్దిమందిని వద్దనే అవకాశం లాయర్లకి ఉంటుంది, అది ఇద్దరూ వాడేసుకున్నారు. భోజనాల వేళ జడ్జి కళ్ళజోడు తీశాడు. వెర్లిన్ ఈసారి వీధివైపు చూడనైనా చూడలేదు. సరాసరి బల్ల దగ్గరికి వచ్చి ఆర్ఫా అత్త పక్కన కూలబడ్డాడు. పొద్దున మామూలు పిలుపు మీద లోపలికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్న ఆవిడ, అప్పుడే రొట్టె తినడానికి బయటికి వచ్చింది.

"అత్తా, ఇవాళ నీ రోజు."

"నా పుట్టినరోజు ఎండాకాలంలో కదరా."

"అది కాదు. ముద్దాయి ఈ ఊరివాడు కాదు. యజమానీ ఈ ఊరివాడు కాదు. ఎవడూ నీ బస్సెక్కలేదు."

"అవున్రా. పొద్దుటినుంచి చూస్తున్నాను. నా బస్సెక్కలేదు. పాపం" అంది ఆర్ఫా అత్త.

ఆ పాపం దేనికో వెర్లిన్‌కి అర్థం కాలేదు. అడిగే తీరికా లేదు.

"నిన్ను వద్దనడానికి వాళ్ళ దగ్గర కారణం ఉండదు. నువ్వు ఇవ్వకుండా ఉంటే చాలు. అడిగినదానికి అవును, కాదు. రెండే మాటలు. కొత్తగా వచ్చిన సర్కారు లాయరమ్మ జడ్జిగారితో చెప్పి మరీ ఒప్పించింది, నువ్వు రెండు మాటలకి మించి మాట్లాడకూడదని."

"ఎవరూ, ఆ చలిజ్వరం మొహం పిల్లా? సన్నగా ఉంది, తిండి తింటుందా అసలు?"

"అత్తా. ఇదిగో, నేనే లాయర్ని. ముద్దాయి మీకు తెలుసా?"

"కాదు."

"తెలియదు అనాలి."

"రెండే మాటలన్నావు కదరా. ఇప్పుడు మూడోది తెచ్చావు."

"సరే, మూడు. ముద్దాయి మీకు తెలుసా?"

"తెలియదు."

"న్యాయంగా తీర్పు చెప్పగలరా?"

"అది చూడాలి నాయనా. ఒకసారి బస్సులో ఇద్దరు పిల్లలు ఒకే పెన్సిలు నాదంటే నాదని..."

"అవును. అవును అనాలి అత్తా. నీకు దణ్ణం పెడతాను, పెన్సిలు వద్దు."

"సరేలేరా, ఏడవకు. అవును."

వెర్లిన్ తన చేత్తో ఆవిడ టోపీ సరిచేశాడు.

కబురు ఎలా పాకిందో, భోజనాలు కాగానే కోర్టు హాలు జనంతో నిండిపోయింది. ఆర్ఫా అత్త కుర్చీ ఎక్కే ముహూర్తం చూడాలని మంగలి వచ్చాడు, పోస్టుమాస్టరు వచ్చాడు, విల్మా వచ్చింది, విల్మా పక్కన మొగుడు కూడా వచ్చాడు. హార్లన్ హోటలు తలుపు వేసి, ఏప్రన్ విప్పకుండానే వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. జ్యూరీకి దొరికిపోతానని భయం ఉన్నా, ఈ చోద్యం వదులుకోలేకపోయాడు. గుమ్మం పక్కనే నిలబడ్డాడు మళ్ళీ.

ఎవారిస్తో తన బల్ల దగ్గర నేలవైపు చూస్తూ కూర్చున్నాడు. అతనికి సరిపోని కోటు ఎవరో ఇచ్చారు. పక్కనే, జరుగుతున్నదంతా అతని భాషలో చెవిలో చెప్పడానికి ఒక నడివయసావిడ. ఆవిడకి విపరీతంగా దగ్గు.

సర్కారు లాయరమ్మ లేచింది. "ముద్దాయి మీకు తెలుసా?"

"తెలియదు" అంది ఆర్ఫా అత్త.

ఇంకేదో వస్తుందని లాయరమ్మ ఆగింది. రాలేదు.

"తోట యజమాని?"

"తెలియదు."

"న్యాయంగా తీర్పు చెప్పగలరా?"

"అవును."

వెర్లిన్ పెదవులు కూడా ఆవిడతోపాటే కదిలాయి. ముద్దాయి తరఫు ముసలి లాయరు లేచి, ఇన్నేళ్ళ అనుభవంలో మొదటిసారి అభ్యంతరానికేమీ దొరక్క, మళ్ళీ కూర్చున్నాడు. జడ్జి అబర్‌నాథీ కళ్ళజోడు పైనుంచి ఆవిడని రెండుసార్లు చూశాడు.

"అయితే ఆర్ఫా గారూ, మీరు పన్నెండో కుర్చీలో కూర్చోండి."

మంగలి చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాడు. పోస్టుమాస్టరు ముక్కు చీదుకున్నాడు. ఆర్ఫా అత్త మెత్త తీసుకుని, టోపీ సర్దుకుని, కుర్చీల వైపు బయల్దేరింది. దారి ముద్దాయి బల్ల పక్కనుంచే. అక్కడికి రాగానే నడక నెమ్మదించింది. తర్వాత ఆగిపోయింది. వెర్లిన్ గుండె కూడా ఆవిడతోపాటే ఆగింది. ఇంకా నాలుగడుగులు వెయ్యి అత్తా, నాలుగే అడుగులు అని లోపల్లోపల బతిమాలుకున్నాడు.

"జడ్జిగారూ" అంది ఆర్ఫా అత్త.

"వద్దు" అన్నాడు వెర్లిన్, పైకే.

"జడ్జిగారూ, తెలియదన్నాను కదా. తప్పు చెప్పాను. ఈ అబ్బాయి నాకు కొంచెం తెలుసు."

"ఎప్పటినుంచి?" అన్నాడు జడ్జి.

"పొద్దుటినుంచి."

లాయరమ్మ లేచేసరికే ఆలస్యమైపోయింది. ఆర్ఫా అత్త మెత్త గుండెకి హత్తుకుని నిలబడింది. ఇంక ఆవిణ్ణి ఆపేవాళ్ళు లేరు.

"ఆ దగ్గే ఆవిడ ముందు నీళ్ళు పెట్టలేదండీ ఎవరూ. వీడి ముందు ఒక గ్లాసు పెట్టారు. ఆవిడకి దగ్గు రాగానే వీడు ఆ గ్లాసు మెల్లిగా అటు జరిపాడు. ఆవిడ తాగేసింది. అంతా తాగేసింది పాపం, తెలియక. ఆ తర్వాత వీడికి దాహమేసింది. గ్లాసువైపు చూశాడు. ఖాళీ. ఇంకో గ్లాసు అడిగితే ఆవిడే లేచి తేవాలని కాబోలు, అడగలేదు. పొద్దుటినుంచి పెదాలు తడుపుకుంటున్నాడు గానీ అడగలేదు. దుంపల సంగతి నాకు తెలియదు. ఇది మాత్రం తెలుసు."

ఎవరూ నవ్వలేదు. దగ్గే ఆవిడ ఆ మాటలే ఎవారిస్తో చెవిలో అతని భాషలోకి మార్చి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. ఆ మాటలు తన గురించే అని ఆవిడకి అప్పుడు అర్థమైంది. గ్లాసు చేతిలోకి తీసుకుని చూసింది. ఎవారిస్తో ఆ రోజు మొదటిసారి తలెత్తాడు.

"ఆర్ఫా గారూ, మీరు వెళ్ళవచ్చు" అన్నాడు జడ్జి. జ్యూరీవైపు తిరిగాడు. "ఇప్పుడు విన్నది మీరంతా" అని ఆగి, కళ్ళజోడు తీసి తుడిచి, "వెర్లిన్, ముందు ఆ అబ్బాయికి నీళ్ళు తెచ్చి పెట్టు. జగ్గు తీసుకురా" అన్నాడు. వెర్లిన్ తెచ్చి పెట్టాక, "ఆఁ, ఇంక మరిచిపోండి" అన్నాడు.

వెర్లిన్‌కి ఒళ్ళు మండిపోతోంది. పన్నెండో కుర్చీ మళ్ళీ ఖాళీ. గోడ గడియారం చూస్తే సాయంత్రం గడువు దగ్గరపడుతోంది. ఎవరి మీదైతే జాలిపడిందో ఆ కుర్రాడినే ఈ మహాతల్లి వసంతందాకా జైల్లో పెట్టించేలా ఉంది. అతను హాల్లో జనంవైపు తిరిగాడు. మామూలుగా అతను తిరిగితే జనం బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి వంగుతారు, కప్పు దూలాలు లెక్కపెడతారు. హార్లన్ గుమ్మం పక్కనే ఉన్నాడు. వెనక గుమ్మం తెరిచే ఉంది.

హార్లన్ కదల్లేదు.

"ఏమిటి చూస్తున్నావు? వచ్చి నా భుజం మీద చెయ్యెయ్యి. చట్టప్రకారం నువ్వే పట్టుకోవాలి కదా" అన్నాడు.

"నువ్వా?"

"పొయ్యి మీద పైలు మాడిపోతున్నాయి, తొందరగా కానీ."

లాయరమ్మ ఏప్రన్ వైపు చూసి, ముద్దాయి తెలుసా అంది. తెలియదన్నాడు. యజమాని తెలుసా అంది. తెలియదన్నాడు. న్యాయంగా చెప్పగలరా అంది. చెబుతాను గానీ ఎవరైనా వెళ్ళి పొయ్యి ఆర్పండి అన్నాడు. పన్నెండో కుర్చీ నిండింది.

మర్నాడంతా విచారణ జరిగింది. కొత్త చెట్ల కోసం గోతులు తియ్యమని మేస్త్రీ చెబితే కుర్రాడు తీశాడు. దుంపలు బయటపడ్డాయి. అవి వాడిపోకుండా తడి గోనెలో చుట్టి మేస్త్రీ గదిలోనే పెట్టాడు. ఇది మేస్త్రీ నోటివెంటే వచ్చింది, గుచ్చి గుచ్చి అడిగితే. జ్యూరీ లోపలికెళ్ళి, కాఫీ చల్లారేలోపే బయటికొచ్చి, నేరం లేదని చెప్పింది. చెప్పింది హార్లనే. వాళ్ళందరి తరఫునా లేచి మాట్లాడటానికి అతన్నే ఎన్నుకున్నారు. ఆ రాత్రినుంచి హోటల్లో ఎవడైనా జ్యూరీ అంటే నడుంనొప్పి అన్నాడా, గరిటె పట్టుకుని మీదకొచ్చి, "జ్యూరీ అంటే ఏమనుకుంటున్నావురా నువ్వు" అని ఉపన్యాసం మొదలుపెడుతున్నాడు. జనానికి ఇప్పుడు వెర్లిన్ కంటే హార్లన్ అంటేనే భయంగా ఉంది.

ఎవారిస్తో మర్నాటి బస్సుకి ఊరికి వెళ్ళిపోయాడు. బస్సెక్కే ముందు కోర్టు ఎదురుగా ఉన్న బల్ల దగ్గరికి వచ్చి, ఏం చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో తెలియక, తల మీద టోపీ తీసి నిలబడ్డాడు. ఆర్ఫా అత్త అతని చేతిలో రెండు ఆపిల్ పైలు పెట్టి, దారిలో తినమని సైగ చేసి, "కిటికీ పక్కన కూర్చో, కడుపులో తిప్పదు" అని చెప్పింది. అతనికేం అర్థమైందో గానీ చాలాసార్లు తలూపాడు.

బస్సు మలుపు తిరిగాక వెర్లిన్ వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కోపం ఇంకా కొంచెం మిగిలే ఉంది.

"నాలుగడుగులు అత్తా. నాలుగే అడుగులు."

"నాకు తెలుసురా."

"ఇన్నేళ్ళుగా ఆ కుర్చీ కోసం కాదూ నువ్వు అల్లాడిపోయింది?"

"కుర్చీ కోసం అని ఎవడన్నాడు? అందులో కూర్చుంటే తీర్పు చెప్పేదాకా నోరు మూసుకోవాలి కదరా. అది నావల్ల అయ్యే పనేనా?"

వెర్లిన్ ఆవిడవైపు తిరిగి చూశాడు. "మరి ఆ టోపీ, మెత్త, పోస్టాఫీసులో పోట్లాట..."

"పిలుపు లేకపోతే లోపల నన్ను అడిగేవాళ్ళెవరు? అడగకపోతే చెప్పేదెలా?" ఆర్ఫా అత్త మెత్తమీది దుమ్ము దులిపింది. "వాడు ఏం తప్పు చేశాడో చెప్పడానికి జీతమిచ్చి మనిషిని పెట్టారు. ఇంకేమేం చేశాడో చెప్పడానికి ఎవరున్నారురా? ఊరంతా చూస్తూ ఉంటుంది, వాడొక్కడూ కూర్చుని ఉంటాడు. ఒక్క మంచిమాట వాడి చెవిన పడొద్దూ? తప్పు చేసుంటే జైలుకి పోతాడు, పోనీ, పోవాలి కూడా. ఆ మాట వెంట పెట్టుకుని పోతాడు. ఆ డోయిల్ రంపం ఎత్తుకెళ్ళిన మాట నిజమే కదా. శిక్షపడింది. తిరిగొచ్చాక చెల్లెలు బస్‌స్టాండుకి వెళ్ళి తీసుకొచ్చుకుంది. కొత్త టోపీ కొనుక్కుని మరీ వెళ్ళింది."

తను గుమ్మందాకా దిగబెట్టినప్పుడల్లా ఆవిడ ఏడుపు ఆపుకుంటోందనుకున్నాడు వెర్లిన్. పని ముగించుకుని ఇంటికి పోతోందన్నమాట. తను దిగులుపడి పెళ్ళాన్ని కూడా ఏడిపించినందుకు సిగ్గేసింది. అంతలోనే ఈ మనిషి తన ఊరిలో ఉన్నందుకు గుండె నిండిపోయి, ఏం చెయ్యాలో తెలియక ఆవిడ బుట్ట తీసి తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అందరి గురించీ ఒక్కోటి గుర్తుందా నీకు?"

"బస్సులో అంత పెద్ద అద్దం ఎందుకు పెట్టారనుకున్నావు? రోడ్డు చూడటానికా? ప్రతివాడికీ ఒకటి తీసి ఉంచానురా. ఎవడికి ఎప్పుడు పనికొస్తుందో ఎవరికి తెలుసు."

వెర్లిన్ వీధి అటూ ఇటూ చూశాడు. "నాక్కూడా ఉందా?"

"నీకు లేకపోవడమేమిటి? ఎడంవైపు సీటు, చక్రం మీద. నీదైతే భలే మంచిది."

"ఏమిటది?"

"ఇప్పుడెందుకు?"

"చెప్పు అత్తా. నాకేం గుర్తులేదు. నేను చేసిన మంచిపని ఒక్కటీ గుర్తులేదు."

"అలా చెప్పేస్తే ఎలారా, పాడైపోదూ? నీ మీద కేసు రానీ, అప్పుడు చెప్తాను."

అని బుట్ట తీసుకుని, మెత్త చంకలో పెట్టుకుని, ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వెర్లిన్ ఇంటికి బయల్దేరి, ఊరి మధ్యకి రాగానే, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, కారు ఆపితే జరిమానా పడే అగ్నిమాపక పంపుకి అడ్డంగా కారు ఆపాడు. దిగి, తలుపు వేసి, ఎవరైనా చూస్తే బాగుండునని కాసేపు అక్కడే పచార్లు చేశాడు. దీనికి జ్యూరీని పెట్టరని అతనికి తెలుసు. కానీ ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా.